మునివాహనుడు తిరుప్పాణాళ్వార్

శ్రీమన్నారాయణునికి గరుత్మంతుడు వాహనం. పరమశివునికి నందీశ్వరుడు, జగన్మాతకు సింహం, విఘ్నేశ్వరునికి మూషికం. దేవతలకు వాహనాలు ఉండటం మనం నిత్యం చూసేదే, పూజించేదే. అయితే ఊరికి వెలుపల నివసించిన ఒక పేద గాయకునికి, వేదవేదాంగాలు అభ్యసించిన మునీశ్వరుడొకరు వాహనమైన ఉదంతం మన భక్తి వాఙ్మయంలో ఉంది. ఆ గాయకుడు తిరుప్పాణాళ్వార్. ఆయనను మోసినవాడు శ్రీరంగనాథుని కైంకర్యపరుడైన లోకసారంగ మహాముని. ఆనాటినుండి ఆళ్వారుకు మునివాహనుడనే పేరు స్థిరపడింది. భక్తుని పేరులోనే, ఆయనను మోసిన అర్చకుని కథ కూడా నిలిచిపోయింది.

పన్నిద్దరు ఆళ్వారులలో తిరుప్పాణాళ్వార్ రచించినది అత్యల్పం. నమ్మాళ్వార్, తిరుమంగై ఆళ్వార్ వెయ్యికి పైగా పాశురాలు అనుగ్రహించారు. ఈయనవి పది మాత్రమే. దివ్యప్రబంధాన్ని నాథమునులు నాలుగు వేల పాశురాలుగా కూర్చినప్పుడు ఈ పదింటికీ మొదటి వేయిలోనే స్థానం లభించింది. అమలనాదిపిరాన్ అని దాని పేరు. అంత చిన్న ప్రబంధానికి పెరియవాచ్చాన్ పిళ్ళై వంటి మహావ్యాఖ్యాత వ్యాఖ్య వ్రాశారు. శ్రీవేదాంతదేశికులు దీనికి ప్రత్యేకంగా మణిప్రవాళ భాషలో వ్యాఖ్యానం రచించి, మునివాహనభోగమని నామకరణం చేశారు. సకల శాస్త్ర పారంగతుడైన ఆచార్యులు తమ గ్రంథానికి ఆ పేరు ఎంచుకోవడంలో గొప్ప ఔచిత్యం ఉంది. పాశురాల అర్థాన్ని, ఆ మోత కథను విడదీసి చూడరాదని వారి అభిప్రాయం కాబోలు.

ఆళ్వారు జన్మస్థలం ఉరైయూరు. ప్రాచీన చోళులకు రాజధానియై విలసిల్లిన ఆ నగరం నేడు తిరుచిరాపల్లిలో అంతర్భాగం. కార్తీక మాసం, రోహిణీ నక్షత్రం ఆయన తిరునక్షత్రం. స్వామి వక్షఃస్థలంపై వెలసిన శ్రీవత్సచిహ్నం అంశతో ఆయన అవతరించారని సంప్రదాయం విశ్వసిస్తుంది. ఆధునిక పండితులు ఆయన కాలాన్ని సుమారు 8, 9 శతాబ్దాలుగా భావిస్తారు. పచ్చని వరిచేనులో దొరికిన పసికందును సంతానం లేని పాణ దంపతులు కన్నబిడ్డగా పెంచుకున్నారని గురుపరంపరా గ్రంథాలు వర్ణిస్తున్నాయి. సీతమ్మ నాగటిచాలులో దొరికింది, గోదాదేవి తులసివనంలో దొరికింది, ఈయన వరిపైరులో దొరికారు. భూమాత ఒడిలో లభించిన బిడ్డకు కులమేది అని ఎవరైనా అడగవచ్చు. లోకం మాత్రం పెంచినవారి కులాన్నే ఆయనకు అంటగట్టింది.

పాణులంటే పాటగాళ్లు. తంత్రీవాద్యం చేతబట్టి ఊరూరా తిరుగుతూ పాడటం వారి వృత్తి. ప్రాచీన తమిళ కావ్యాలలో వారికి రాజసభలలో గౌరవమే ఉండేది. కాలం మారింది. ఆళ్వారు నాటికి వారు ఊరి పొలిమేర అవతల నివసించవలసినవారయ్యారు, దేవాలయ ప్రవేశానికి నోచుకోనివారయ్యారు. పాట మాత్రం వారితోనే ఉంది. బాలుడు పెరుగుతున్నకొద్దీ వీణ ఆయన చేతిలో భగవంతుని కోసమే మ్రోగసాగింది. రాజులను, ధనవంతులను స్తుతించి సంభావన పొందే మార్గం ఉన్నా ఆయన ఆ వైపు చూడలేదు.

కావేరీనది రెండు పాయలుగా చీలి, కొంతదూరం సాగి, మధ్యలో ఒక ద్వీపాన్ని ఏర్పరచింది. దక్షిణాన కావేరి, ఉత్తరాన కొల్లిడం. ఆ రెండింటి నడుమ ఏడు ప్రాకారాల లోపల శేషతల్పంపై శయనించి ఉన్నవాడు శ్రీరంగనాథుడు. నూట ఎనిమిది దివ్యదేశాలలో శ్రీరంగమే ప్రథమం. ఉరైయూరు నుండి నడిచి వస్తే కావేరి దక్షిణ తీరానికి చేరుతాం. ఆవలి గట్టున స్వామి సన్నిధి. తిరుప్పాణాళ్వార్ ప్రతిదినం ఆ దక్షిణపు గట్టు వరకూ వచ్చేవారు. నది దాటేవారు కాదు. ఆలయ దిశగా నిలిచి, వీణ మీటుతూ, ఒడలు మరచి పాడుకునేవారు.

ఆయన నది ఎందుకు దాటలేదన్న ప్రశ్నకు రెండు సమాధానాలు ఉన్నాయి, రెండూ నిజమే. ఆ కాలపు ఆచారం ఆయనను దాటనీయదు. అది సంఘం విధించిన ఆంక్ష. స్వామి పవళించిన పుణ్యద్వీపాన్ని తన పాదంతో తాకే అర్హత తనకు లేదని ఆయన స్వయంగా భావించారు. దీనిని శ్రీవైష్ణవ సంప్రదాయంలో నైచ్యానుసంధానం అంటారు. భగవంతుని మహత్త్వం ముందు తన అల్పత్వాన్ని తలచుకొని కరిగిపోవడమది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం మన ప్రవచనాలలో తరచుగా జరిగే పొరపాటు. భక్తుడు తనంతట తాను తగ్గించుకుంటే అది వినయం. ఇతరులు అతడిని బలవంతంగా తగ్గిస్తే అది వారి అహంకారం. మహారాజైన కులశేఖరాళ్వార్ కూడా తిరుమలేశుని గడపలో మెట్టుగా పడి ఉండాలని కోరుకున్నారు. నేటికీ తిరుమల గర్భాలయపు గడపను కులశేఖరపడి అని పిలుస్తున్నాం. ఆయన సింహాసనం దిగి వచ్చి కోరుకున్నది, తిరుప్పాణాళ్వార్ నది ఒడ్డున నిలిచి అనుభవించినది ఒకే భావం. కాని కులశేఖరులను ఎవరూ గట్టు మీద ఆపలేదు.

ఒకనాటి ఉదయం లోకసారంగ మహాముని స్వామివారి తిరుమంజనానికి కావేరీ జలం తేవడానికి బయలుదేరారు. ఆయన నడిచే దారిలో, తీరాన, ఆళ్వారు గానసమాధిలో ఉన్నారు. కన్నులు మూతపడ్డాయి, చెవులకు లోకం వినపడదు. తప్పుకొమ్మని ముని కేకవేశారు. ఆళ్వారులో చలనం లేదు. మరల పిలిచారు. అప్పటికీ లేదు. స్వామి అభిషేకానికి ఆలస్యమవుతున్నదన్న ఆతురత, మైలపడతానన్న భయం, తన మాట లెక్కచేయలేదన్న కోపం కలిసి ఆయన చేత ఒక రాయి తీయించాయి. అది ఆళ్వారు నుదుటికి తగిలింది. నెత్తురు చిమ్మింది.

ఆళ్వారు కన్నులు తెరిచారు. ఎదుట అభిషేక జలానికి వచ్చిన ముని కనిపించారు. ఆయన కలతచెందినది గాయానికి కాదు, స్వామి కైంకర్యానికి తాను అడ్డుపడ్డానని. అపరాధం తనదేనన్నట్లు చేతులు జోడించి, దూరంగా తొలగిపోయారు. కోపగించుకున్న దాఖలా ఏ గ్రంథంలోనూ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కొందరు ఈ కథ చెప్పేటప్పుడు లోకసారంగ మునిని క్రూరుడిగా చిత్రిస్తారు. అది న్యాయం కాదు. ఆయన దుర్మార్గుడు కాడు. తెల్లవారుజామున లేచి, నియమనిష్ఠలతో స్వామి సేవకు నీరు తేవడానికి వెళుతున్న మనిషి. ఆయన చేతి రాయి వెనుక ఉన్నది దురాశ కాదు, దొంగతనం కాదు, తన సేవ పట్ల తనకున్న గర్వం. పాపకార్యం చేసేటప్పుడు మనిషికి తాను తప్పుచేస్తున్నానని ఎక్కడో ఒక మూల తెలుస్తూనే ఉంటుంది. పుణ్యకార్యం చేస్తూ చేసే తప్పు మాత్రం తెలియనే తెలియదు. అందుకే దానిని తెలియజేయడానికి స్వామి స్వయంగా పూనుకోవలసి వచ్చింది.

ముని జలంతో సన్నిధికి తిరిగి వచ్చేసరికి శ్రీరంగనాథుని నుదుట రక్తం స్రవిస్తున్నదని కథ. ఆలయ ద్వారాలే తెరుచుకోలేదని మరికొన్ని గ్రంథాలు అంటాయి. కథనంలో భేదాలున్నా సారం ఒకటే. భక్తుని నొసట తగిలిన దెబ్బ భగవంతుని నొసట తేలింది. భాగవతం నవమ స్కంధంలోని అంబరీషోపాఖ్యానం మనకు సుపరిచితం. తపోధనుడైన దుర్వాసుడు భక్తుడైన అంబరీషునికి అపచారం చేసి, చక్రాయుధం తరుముతుండగా ముల్లోకాలూ పరుగెత్తాడు. చివరకు విష్ణువును శరణు వేడితే, తాను భక్తులకు పరాధీనుడనని, క్షమించవలసినవాడు అంబరీషుడేనని స్వామి చెప్పి పంపించాడు. తనపట్ల జరిగిన అపరాధాన్ని స్వామి ఎంతైనా సహిస్తాడు. తన వారిపట్ల జరిగినదానిని క్షమించే అధికారం తన వద్ద ఉంచుకోడు.

క్రైస్తవ గ్రంథంలోనూ దీనికి చాలా దగ్గరగా ఉన్న వృత్తాంతం ఒకటుంది. సౌలు అనే విద్వాంసుడు నియమనిష్ఠలు గల యూదుడు. తన మతాన్ని కాపాడుతున్నాననే విశ్వాసంతోనే యేసు భక్తులను హింసించాడు. స్తెఫను అనే భక్తుని జనం రాళ్లతో కొట్టి చంపినప్పుడు, రాళ్లు విసిరేవారి పైవస్త్రాలకు అతడు కాపలాగా నిలిచాడు. తరువాత దమస్కు నగరానికి పోయే దారిలో గొప్ప వెలుగు కమ్మి నేలకూలాడు. ఆ వెలుగులోంచి వినిపించిన స్వరం, నా భక్తులను ఎందుకు బాధిస్తున్నావని అడగలేదు. నన్నే ఎందుకు బాధిస్తున్నావని అడిగింది. కన్నులు కనపడక, మూడు దినాలు అన్నపానాలు మాని ఉన్న ఆ మనిషి లేచేసరికి వేరే మనిషి. పౌలు పేరుతో ప్రసిద్ధుడై, అనంతరం వ్రాసిన లేఖలలో తనను తాను క్రీస్తు దాసునిగా పేర్కొన్నాడు. క్రైస్తవులు మారుమనస్సని, క్రొత్త జన్మమని చెప్పుకునేది ఇదే. దేహం అదే, ఊరు అదే, చదువు అదే. నేను అనే మాటకు అర్థం మాత్రం మారిపోతుంది. వారి యోహాను సువార్తలో నికొదేము అనే పెద్దమనిషి రాత్రివేళ యేసు వద్దకు వచ్చి, ముసలివాడు తిరిగి ఎలా పుట్టగలడని అమాయకంగా అడుగుతాడు. మన సంప్రదాయంలో గురుకృప వలన కలిగే జ్ఞానజన్మను గురించి విన్నవారికి ఆ ప్రశ్న కొత్తది కాదు.

లోకసారంగ మునికి కూడా ఆ జన్మ రాత్రివేళనే కలిగింది. స్వామి నుదుట రక్తం చూసిన కలతతో పడుకున్న ఆయనకు శ్రీరంగనాథుడు స్వప్నంలో దర్శనమిచ్చాడు. తన ఆంతరంగికుడు నది ఒడ్డున ఉన్నాడని, వెళ్లి అతడిని తన సన్నిధికి తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు. ఆ తీసుకురావడం కూడా పిలిచి వెంటబెట్టుకొని రావడం కాదు, భుజాలపై మోసుకొని రావాలి.

ఈ ఆజ్ఞ ఎంత కఠినమైనదో ఒక్కసారి ఊహించండి. ముని ప్రాయశ్చిత్తంగా ఉపవాసాలుండమన్నా ఉండేవాడే. లక్ష జపం చేయమన్నా, కాశీకి నడచి వెళ్లమన్నా సంతోషంగా శిరసావహించేవాడే. వాటిలో ఏదీ ఆయన పెద్దరికాన్ని తగ్గించదు సరికదా, ఇంకొంత పెంచుతుంది. స్వామి అడిగినది ఆయన భుజాన్ని. నిన్న ఎవరి నీడ తనపై పడకూడదని రాయి విసిరాడో ఆ మనిషి దేహాన్ని తన మెడకు ఇరువైపులా ధరించి, ఊరంతా చూస్తుండగా, ఏడు ప్రాకారాలూ దాటి రావాలి. తీర్థపు బిందె మోయడానికి అలవాటుపడిన భుజం అది. ఇప్పుడు మోయవలసినది తాను మైల అనుకున్నదానిని.

మునీశ్వరుడు తెల్లవారుతూనే కావేరి గట్టుకు వెళ్లారు. సాష్టాంగపడి, అపరాధం మన్నించమని వేడుకొని, స్వామి ఆజ్ఞ విన్నవించారు. ఆళ్వారు నిలువునా కంపించిపోయారు. తాను ఆ ద్వీపంలో అడుగుపెట్టడమే అపచారమని వెనుకకు తగ్గారు. అడుగు పెట్టవలసిన పని లేదని, తన భుజాలపై కూర్చుంటే చాలునని ముని ప్రార్థించారు. అది మరింత అపచారమని ఆళ్వారు భయపడ్డారు. ఎంతో వేడుకొన్న తరువాత, ఇది ముని కోరిక కాదని, స్వామి సంకల్పమని తెలిసి, కన్నులు మూసుకొని అంగీకరించారు.

ఈ ఘట్టంలో ముని వినయం అందరికీ కనిపిస్తుంది. ఆళ్వారు వినయం అంత సులభంగా కనిపించదు. తగ్గి ఉండటం ఆయనకు అలవాటు. ఎత్తుకు వెళ్లడం అలవాటు లేదు. నేను అల్పుడను, నాకు వద్దు అని చివరివరకూ పట్టుపట్టి ఉంటే, అది కూడా ఒకరకమైన స్వాతంత్ర్యమే అయ్యేది. స్వామి మాట కన్నా తన అల్పత్వమే పెద్దదని చెప్పినట్లయ్యేది. దాసుడైనవాడు యజమాని కూర్చోమన్నచోట కూర్చోవాలి, అది నేలయినా సరే, ముని భుజమైనా సరే. యేసు తన కడపటి భోజనం నాటి రాత్రి నడుముకు తువాలు చుట్టుకొని, పళ్లెంలో నీరు పోసి, శిష్యుల పాదాలు కడిగిన సంగతి సువార్తలో ఉంది. అందరూ ఊరుకున్నారు కాని పేతురనే శిష్యుడు మాత్రం గురువు తన పాదాలు తాకడమేమిటని కాళ్లు ముడుచుకున్నాడు. కడగనీయకపోతే తనతో నీకు పాలు ఉండదని గురువు చెప్పగా లొంగిపోయాడు. నేటికీ కథోలిక చర్చిలలో గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే గురువారం నాడు గురువులు భక్తుల పాదాలు కడిగే ఆచారం కొనసాగుతున్నది. ఆనాటి పేతురుకు, కావేరి గట్టున తిరుప్పాణాళ్వారుకు ఎదురైన పరీక్ష ఒకే స్వభావం కలది. సేవ చేయడం నేర్చినవారికి కూడా సేవ అందుకోవడం చేతకాదు.

అలా మునిభుజాలపై ఆళ్వారు ఆవలి గట్టుకు చేరారు. వీధుల వెంట, ప్రాకారాలు ఒక్కటొక్కటిగా దాటుతూ సాగారు. జనం ఏమనుకున్నారో గ్రంథాలు పెద్దగా వర్ణించలేదు. వర్ణించనవసరం లేదు కూడా. సన్నిధి ముందు ముని ఆయనను దించారు. జీవితమంతా ఆవలి గట్టునుండి గోపురం దిశగా చూసిన కన్నులు తొలిసారిగా స్వామిని చూశాయి.

ఆ చూపే పది పాశురాలయింది. అవి చదివితే ఆళ్వారు దృష్టి ఎలా ప్రయాణించిందో మనకు స్పష్టంగా తెలుస్తుంది. మొదట స్వామి పాదకమలాలు. పిదప ఎఱ్ఱని పీతాంబరం. ఆపై నాభికమలం, ఉదరబంధం, వక్షఃస్థలం, కంఠం, పెదవులు, విశాలమైన కన్నులు. తొమ్మిదవ పాశురంలో ఆ నీలమేఘశ్యామల విగ్రహమంతా ఒక్కసారిగా ముంచెత్తుతుంది. పదవ దానిలో, ఈ అమృతాన్ని చూసిన కన్నులు ఇక మరొకదానిని చూడలేవన్న నిశ్చయం. సేవకుని చూపు ఎప్పుడూ పాదాల వద్దనే మొదలవుతుంది, స్వామి అనుమతించినంత మేర పైకి వెళుతుంది. మన తెలుగువారికి ఇందులో మరో ఆనందం ఉంది. శ్రీరంగనాథుని ఎదుట నిలిచి కూడా ఆళ్వారు మొదటి పాశురంలోనూ, మూడవ పాశురంలోనూ తిరువేంగడాన్ని తలచుకున్నారు. తిరుమల కొండపై నిలిచినవాడే ఇక్కడ పవళించాడని ఆయన అనుభవం.

పెద్దలు గమనించిన మరొక విశేషం ఈ ప్రబంధానికి ప్రాణం వంటిది. మొదటి మూడు పాశురాల ఆద్యక్షరాలు వరుసగా అకారం, ఉకారం, మకారం. కలిపితే ప్రణవం. ఓంకారోచ్చారణకు అర్హుడు కాడని ఆనాటి ఆచారం దూరంగా నిలిపిన కంఠంలోంచి ఓంకారమే పాటై వెలువడింది. శ్రీవైష్ణవ ఆచార్యులు ప్రణవానికి చెప్పే అర్థం కూడా ఇక్కడ స్మరించుకోదగినది. అకారం భగవంతుడు. మకారం జీవుడు. నడుమనున్న ఉకారం, ఈ జీవుడు ఆయనకే, మరెవ్వరికీ కాడని నిశ్చయించే అక్షరం. అంటే ఓంకారార్థమే దాస్యం. దీనినే శేషత్వమన్నారు. ఆళ్వారు ఒక అడుగు ముందుకు వేశారు. స్వామి తనను తన భక్తులకు సేవకునిగా చేశాడని మొదటి పాశురంలోనే సంతోషించారు. భగవంతునికి దాసుడు కావడం ఒక మెట్టయితే, ఆయన దాసులకు దాసుడు కావడం తరువాతి మెట్టు. తొండరడిప్పొడి ఆళ్వార్ పేరుకే భక్తుల పాదధూళి అని అర్థం. ఈ దాసానుదాస భావం ఒక్క మన దేశానికే పరిమితం కాదు. క్రీస్తుశకం 590లో రోము నగరపు పోపు పదవి చేపట్టిన మొదటి గ్రెగరీ, దేవుని సేవకులకు సేవకుడన్న బిరుదును ధరించారు. ఆయన తరువాతి పోపులకూ అది సంక్రమించింది.

పాడటం ముగిసిన పిమ్మట తిరుప్పాణాళ్వార్ స్వామి దివ్యమంగళ విగ్రహంలో లీనమయ్యారని సంప్రదాయం. ఆయన జన్మస్థలమైన ఉరైయూరులో కమలవల్లీ నాచ్చియార్ సన్నిధి ఉన్న ఆలయంలో ఆళ్వారు కూడా పూజలందుకుంటున్నారు. లోకసారంగ ముని తరువాతి జీవితం గురించి కథ మౌనం వహిస్తుంది. రాయి విసిరిన మనిషి ఆ రోజుతో మరణించి, మోసిన మనిషి పుట్టాడనుకుంటే ఆ మౌనానికి అర్థం దొరుకుతుంది.

ఆచార్యులు ఈ కథను విగ్రహాలకే పరిమితం చేయలేదు. భగవద్రామానుజులు వృద్ధాప్యంలో కావేరి స్నానానికి వెళ్లేటప్పుడు బ్రాహ్మణ శిష్యుని భుజం పట్టుకొని నడిచి, స్నానమాచరించి వచ్చేటప్పుడు, అన్యకులజుడు, మల్లుడు అయిన ఉఱంగావిల్లి దాసుని భుజం పట్టుకొని వచ్చేవారట. స్నానానంతరం ఇదేమి ఆచారమని శిష్యులు నొచ్చుకున్నారు. నీటి స్నానంతో పోని మలినం, తాను ఉన్నత కులజుడననే మలినం, ఆ భుజస్పర్శతో పోతుందని ఆయన భావించారు. అదే కావేరి, అదే గట్టు. భుజం మాత్రం ఈసారి మోసేవారిది కాదు, ఊతమిచ్చేవారిది.

అయినా ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మునివాహనుని కథ శతాబ్దాల తరబడి దేవాలయాలలో ప్రవచనమవుతూనే ఉంది. ఆయన పాశురాలు నిత్యం అర్చకుల నోట పలుకుతూనే ఉన్నాయి. ఆయన విగ్రహానికి హారతులు జరుగుతూనే ఉన్నాయి. ఆయనవంటి వారు మాత్రం గోపురం వెలుపలే నిలిచిపోయారు. భుజాలపై వచ్చిన ఒక్కరికి తెరచిన ద్వారం, కాళ్లతో నడిచివచ్చే వేలమందికి తెరుచుకోలేదు. ఆళ్వారును మనం మహాపురుషుడిని చేసి, మినహాయింపుగా పక్కన పెట్టుకున్నామేమో అనిపిస్తుంది. 1936 నవంబర్ 12న తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన వెలువరించారు. 1939 జూలై 8న ఎ. వైద్యనాథ అయ్యర్ నాయకత్వంలో మధుర మీనాక్షి ఆలయంలోకి దళితులు, నాడార్లు ప్రవేశించారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950 జనవరి 26 నుండి అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణంలో అంటరానితనాన్ని నిషేధించింది. చట్టం తలుపు తెరవగలదు. భుజం వంచమని ఎవరినీ ఆజ్ఞాపించలేదు.

ఆ పనికి మన ప్రాంతపు అర్చకులొకరు పూనుకున్నారు. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల వారికి, చందనవెల్లి వంటి పల్లెల వారికి చిలుకూరు బాలాజీని పరిచయం చేయనక్కరలేదు. ఉస్మాన్‌సాగర్ చెంత, మొయినాబాద్ మండలంలో వెలసిన ఆ క్షేత్రంలో హుండీ ఉండదు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకొని, కోరిక తీరాక నూట ఎనిమిది చేయడం అక్కడి ఆనవాయితీ. ఏటా తిరుమల యాత్ర చేసే ఒక భక్తుడు అనారోగ్యంతో వెళ్లలేని స్థితిలో ఉంటే, స్వామి స్వప్నంలో కనిపించి తానే వచ్చి ఇక్కడ వెలిశాడని స్థలపురాణం. భక్తుడు స్వామివద్దకు రాలేని చోటుకు స్వామి ఏదో ఒక ఏర్పాటు చేస్తాడన్న విశ్వాసం శ్రీరంగపు కథలోనూ, చిలుకూరు కథలోనూ ఒకటే.

చిలుకూరు ప్రధానార్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్ 16న హైదరాబాదు జియాగూడలోని శ్రీరంగనాథస్వామి ఆలయంలో మునివాహన సేవ నిర్వహించారు. ఒక దళిత యువభక్తుని తన భుజాలపై ఎక్కించుకొని, జనసమూహం చూస్తుండగా ఆలయంలోకి తీసుకువెళ్లారు. పత్రికలు ఆ చిత్రాన్ని ప్రముఖంగా ప్రచురించాయి. హర్షించినవారున్నారు, ఒకనాటి ఉత్సవంతో ఏమి మారుతుందని సందేహించినవారూ ఉన్నారు. ఆ సందేహం నిర్హేతుకమైనది కాదు. కాని ఆ దృశ్యంలో ఒక సంగతి గమనించాలి. లోకసారంగ మునికి స్వప్నంలో ఆజ్ఞ వచ్చింది, ఆయన నుదుటి రక్తాన్ని కళ్లారా చూశారు. ఈ అర్చకునికి ఆ అద్భుతాలేవీ లేవు. ఆయన వద్ద ఉన్నది పూర్వులు చెప్పిన కథ మాత్రమే. దానిని విని ఊరుకోవడమా, వంగి ఎత్తుకోవడమా అన్నది ఆయన స్వయంగా నిర్ణయించుకోవలసి వచ్చింది.

ప్రతి ఏటా కార్తీక మాసంలో రోహిణీ నక్షత్రం వచ్చిన రోజున వైష్ణవాలయాలలో తిరుప్పాణాళ్వార్ తిరునక్షత్రోత్సవం జరుగుతుంది. ఆనాడు అమలనాదిపిరాన్ పారాయణ చేస్తారు. దివ్యప్రబంధంలో అనేక దశకాల చివరి పాశురంలో దానిని రచించిన ఆళ్వారు తమ పేరు, ఊరు చెప్పుకొని, పఠించినవారికి కలిగే ఫలాన్ని పేర్కొనడం రివాజు. ఈ పది పాశురాలలో కవి పేరు ఎక్కడా లేదు.